చిలుక రెక్క ఊడింది, పెయింట్ వేయించనా?

ప్రశ్న: మా అవ్వ వాడిన వెండి ఆకువక్కల పెట్టె నా దగ్గరుంది. మూత మీద నీలం, ఆకుపచ్చ పువ్వులు, మధ్యలో చిలుక. వరలక్ష్మీ వ్రతానికని చింతపండు, విభూతితో తోమితే చిలుక రెక్క దగ్గర గోరంత రంగు ఊడిపోయింది. తిరుపతిలో ఒక అంగట్లో చూపిస్తే పెయింట్ వేసిస్తామన్నారు. మా అత్తగారేమో ఎరుపు కూడా ఉండేదేమో, వెలిసిపోయిందంటారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దమ్మా, పెయింట్ మాత్రం వేయించకండి. ముందు ఊడిన చోటును పగటి వెలుతురులో భూతద్దం పెట్టి చూడండి. అంచు విరిగిన గాజు ముక్కలా మెరుస్తోందా? అయితే అది మీనా పని. రంగు అనుకుంటున్నది నిజంగా గాజే. వెండిని పువ్వు ఆకారంలో గుంటగా చెక్కి, రంగు గాజును మెత్తగా నూరి, తడిపి, అందులో నింపి కొలిమిలో పెడతారు. పొడి కరిగి వెండిని పట్టుకుంటుంది. నీలం కోబాల్ట్ వల్ల, ఆకుపచ్చ రాగి వల్ల వస్తాయి. ఒక్కో రంగును విడిగా కాలుస్తారు, ఎక్కువ వేడికి ఆగే రంగు ముందు, సున్నితమైనది చివర. ఒక్క చిలుక కోసం ఆ మూత ఎన్నిసార్లు నిప్పులోకి వెళ్లొచ్చిందో తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

గాజులోని రంగు వెలిసిపోదని అత్తగారికి చెప్పండి. బంగారం మీద అన్ని రంగులూ కుదురుతాయి గానీ, వెండి మీద మంచి ఎరుపు తేవడం చాలా కష్టం. లక్నో వెండి సామాన్ల మీద కూడా నీలం, ఆకుపచ్చలే ఎక్కువ. ఎర్ర మీనాకు పేరు జైపూర్‌ది. అక్కడి పనివాళ్ల పూర్వీకులను రాజా మాన్‌సింగ్ లాహోర్ నుంచి తెచ్చారని చెబుతారు.

మూత ఎక్కడైనా సొట్ట పడిందేమో తడిమి చూడండి. వెండి వంగుతుంది, గాజు వంగదు. బీట పడ్డ చోట పులుపు దిగి, విభూతితో రుద్దితే ముక్క లేచిపోతుంది. మా అమ్మ కుంకుమ భరిణెను నేను వేడినీళ్లలో ముంచి, వెంటనే చన్నీళ్లతో కడిగాను. నెమలి మెడ మీద వెంట్రుకంత బీట పడింది. ఇప్పటికీ భరిణె తీస్తే నా చూపు ముందు అక్కడికే పోతుంది.

ఆ ఖాళీని అలాగే ఉంచేయండి. మళ్లీ కొలిమిలో పెడితే మిగతా రంగులూ పగలొచ్చు. ఊడిన ముక్క దొరికితే చిన్న డబ్బీలో దాచండి. ఇకమీద పొడి నూలుగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు. గుడ్డలో చుట్టి పెట్టండి, రబ్బరు బ్యాండ్ వేయొద్దు, అందులోని గంధకానికి వెండి నల్లబడుతుంది. వచ్చే వ్రతానికి పూజలో తప్పకుండా పెట్టుకోండి, ఆకులూ సున్నం మాత్రం వేరే పళ్లెంలో.