గొరిల్లా గ్లాస్, ఐపీ68 ఉన్న ఫోన్‌కి పౌచ్ కావాలా?

ప్రశ్న: బల్లార్షా నుంచి బొగ్గు గనికి రోజూ బండి మీద డ్యూటీకి వెళ్తాను. కొత్త ఫోన్‌కి గొరిల్లా గ్లాస్ (గట్టి స్క్రీన్ గాజు), ఐపీ68 (దుమ్ము, నీళ్లు తట్టుకుంటుందని చెప్పే రేటింగ్) రెండూ ఉన్నాయి. పౌచ్ వేస్తే ఈ ఎండలకు ఫోన్ కాలిపోతోంది. తీసేసి వాడొచ్చా? మా నాన్న ఫోన్‌కి ఫ్లిప్ కవర్ కొనొచ్చా?

జవాబు: పౌచ్ తీసేసి తిరగకండి. ఛార్జింగ్ పెట్టేటప్పుడు మాత్రం తప్పకుండా తీసేయండి. అంటే మీరు కొనాల్సింది సులువుగా ఊడే పౌచ్. గోరు విరిగేంత బిగుతుగా ఉంటే రెండు రోజుల తర్వాత ఎవరూ తీయరు.

ముందు గాజు సంగతి. 2022లో వచ్చిన గొరిల్లా గ్లాస్ విక్టస్ 2 కాంక్రీటు లాంటి గరుకు నేల మీద మీటరు ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందని దాన్ని తయారుచేసే కార్నింగ్ కంపెనీ చెప్పుకుంది. అది ల్యాబ్ లెక్క. జేబులో నాలుగు నెలలు తిరిగిన గాజు మీద కంటికి ఆనని గీతలు ఉంటాయి, పగులు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. ఆ గీతలు పెట్టేది బొగ్గు పొడి అనుకుంటారు గానీ బొగ్గు మెత్తనిది. దాంతో కలిసి ఎగిరే రాతి పొడి, రోడ్డు ఇసుకే అసలు దొంగలు. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో గాజు 6 అటూ ఇటుగా ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ 7. టెంపర్డ్ గ్లాస్ మీద రాసే ‘9హెచ్’ పెన్సిల్ గట్టిదనం లెక్క, దీనికీ దానికీ పోలిక లేదు. అయినా టెంపర్ వేయించుకోండి. గీత పడితే దాని మీద పడుతుంది, వందో నూటయాభయ్యో పెట్టి మార్చుకోవచ్చు. డిస్‌ప్లే కాంబో మార్చాలంటే వేలల్లో మాట.

ఫోన్ మూల మీద పడ్డప్పుడే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బరువంతా ఒక్క చుక్క మీద ఆనుతుంది. మీటరు ఎత్తు నుంచి పడితే నేలను తాకేసరికి వేగం సెకనుకు 4.4 మీటర్లు. ఆగడానికి దొరికే దూరం రెండింతలైతే దెబ్బ దాదాపు సగమవుతుంది. పౌచ్ చేసే పని ఇదొక్కటే. అందుకే గట్టి ప్లాస్టిక్ షెల్ అందంగా ఉన్నా దండగ, దెబ్బను ఉన్నదున్నట్టు లోపలికి పంపిస్తుంది. అంచులు మెత్తని టీపీయూ (రబ్బరులా సాగే ప్లాస్టిక్), వీపు గట్టి పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) ఉన్నది చూడండి. మూలల్లో లోపలివైపు చిన్న గాలి ఖాళీ ఉండాలి. షాపులోనే ఫోన్‌కి తొడిగి బోర్లా పెట్టి చూడండి, స్క్రీన్ బల్లకు తగలకూడదు. వెల్లకిలా పెడితే కెమెరా గాజు తగలకూడదు. అంచు ఒక మిల్లీమీటరు పైకి లేచి ఉంటే చాలు. టెంపర్ వేశాక ఆ ఎత్తు తగ్గుతుంది కాబట్టి టెంపర్‌తోనే చూడండి. పౌచ్ అంచు టెంపర్‌ను ఒత్తుతుంటే వారంలోనే మూలలు లేచి దుమ్ము దూరుతుంది.

‘మిలిటరీ గ్రేడ్’ అన్న స్టిక్కర్‌కు ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ స్టిక్కర్ చెప్పే అమెరికా సైన్యపు ప్రమాణం ఎంఐఎల్-ఎస్‌టీడీ-810జీ పరీక్షలో 122 సెం.మీ. ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు, కానీ కాంక్రీటు మీద పరిచిన ప్లైవుడ్ మీద. ఆ 26 సార్లనూ ఐదు వస్తువుల దాకా పంచుకోవచ్చు కూడా. మన ఇళ్లలో ఉండేది బండలు, ప్లైవుడ్ కాదు.

వేడి గురించి మీరు అన్నది నిజమే. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది, మన చాందా (చంద్రపూర్) వైపు మే నెలలో 45 దాటడం మామూలు. లిథియం బ్యాటరీ వేడిగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. పౌచ్ ఆ వేడిని బయటికి పోనివ్వదు. కాబట్టి ఛార్జింగ్ పౌచ్ తీసి, గట్టి బల్ల మీద, వీలైతే తెల్లవారుజామున. పరుపు మీద, దిండు కింద అసలు వద్దు. బండి ట్యాంకు మీద కవర్లో పెట్టి ఎండలో మ్యాప్ చూస్తూ ఛార్జ్ చేయడం అన్నిటికన్నా చెడ్డది. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట ఫోన్ తనంతట తానే వేడెక్కుతుంది, టవర్‌ను పట్టుకోవడానికి ఎక్కువ శక్తి వాడుతుంది. సిరోంచ అడవి దారిలో వెళ్లేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. అల్యూమినియం బంపర్ పౌచ్‌లు సిగ్నల్‌ను ఇంకా తగ్గిస్తాయి, వాటి జోలికి పోకండి.

బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించే స్టాండ్ వాడితే ఇంకో చిక్కు. ఎక్కువ శక్తి ఉన్న బైక్ ఇంజిన్ అదురు కెమెరా స్టెబిలైజేషన్‌ను (ఫొటో కదలకుండా ఆపే భాగాన్ని) పాడు చేయొచ్చని 2021లో ఆపిలే హెచ్చరించింది. చొక్కా జేబు కన్నా జిప్ ఉన్న ప్యాంటు జేబు మేలు.

వారానికోసారి పౌచ్ ఊడదీసి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. లోపల చిక్కిన ఇసుక రేణువు ఫోన్ వీపును రోజూ రాస్తూనే ఉంటుంది, పౌచ్ వేసినా గీతలెందుకు పడ్డాయని అడిగేవాళ్లందరికీ జవాబు ఇదే. ఫోన్‌ను ముందు మెత్తని బ్రష్‌తో దులిపి తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. నేరుగా తుడిస్తే ఇసుకను మీరే గాజు మీద ఈడ్చినట్టు. అప్పుడే ఫోన్‌ను చదునైన బల్ల మీద పెట్టి చూడండి. వీపు ఉబ్బి గిరగిరా తిరిగినా, స్క్రీన్ అంచు లేచినా బ్యాటరీ ఉబ్బినట్టే, పౌచ్ దాన్ని నెలల తరబడి దాచేస్తుంది. అలా కనిపిస్తే నొక్కకండి, ఛార్జ్ పెట్టకండి, నేరుగా సర్వీస్‌కి తీసుకెళ్లండి.

ఛార్జర్ పిన్ పూర్తిగా లోపలికి పోకపోతే పోర్టులో దుమ్ము గడ్డకట్టిందన్నమాట. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో పక్క గోడల నుంచి మెల్లగా గీరండి. సూది, పిన్నీసు పెడితే మధ్యలోని కాంటాక్టులు పోతాయి. ఐపీ68 ఈ చెత్త పోర్టులో చేరకుండా ఆపదు, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు కూడా కాలంతో వదులవుతుంది. స్క్రీన్ ఒకసారి బయట మార్పించాక ఐపీ68ని లెక్కలోంచి తీసేయండి.

నాన్నగారికి ఫ్లిప్ కవర్ బాగానే ఉంటుంది, జేబులో తాళంచెవులతో పాటు పెట్టేవాళ్లకు అదే నయం. మాగ్నెట్ గట్టిగా ఉన్నవి కంపాస్‌ను తప్పుదారి పట్టిస్తాయి, కెమెరా ఫోకస్‌నూ కదిలిస్తాయి. మాగ్నెట్ కెమెరాకు దూరంగా ఉన్నది, లేదా నాడాతో మూసేది తీసుకోండి.