ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్తున్న మా చిట్టికి

చిట్టితల్లీ,

నీకు నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీలో సీటొచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. ఊరి పేరు వినగానే బియ్యం చేట పక్కన పెట్టి కూర్చుండిపోయాను. నేను నాలుగేళ్ళు కాపురం చేసిన ఊరు! సాయంత్రం వీధిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అరిజోనా అంటే ఎడారి, కాటన్ బట్టలు చాలని ఎవరో చెప్పారటగా. వాళ్ళు ఫీనిక్స్ చూసుంటారు. ఫ్లాగ్‌స్టాఫ్ 7,000 అడుగుల ఎత్తున ఉంది, మన తిరుమలకు రెట్టింపు పైమాటే. ఏడాదికి దాదాపు 100 అంగుళాల మంచు పడుతుంది. మొదటి వారం నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, ముక్కులోంచి రక్తం రావచ్చు. టెన్షన్ పడి మీ అమ్మకు వీడియో కాల్ చెయ్యకు, నీళ్ళు ఎక్కువ తాగు. అక్కడ నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కుక్కర్ పట్టుకెళ్ళు, గ్యాస్కెట్లు రెండు. ఇడ్లీ పిండి ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు వేసి ఉంచు. నవంబరు నుంచి మార్చి దాకా అర్ధరాత్రి దాటాక కారు వీధిలో వదలకు. మంచు తీసే బండ్లు తిరుగుతాయి, టికెట్ రాస్తారు.

కారు. అసలు ఈ ఉత్తరం అందుకే.

మీ బావకు అప్పుడు నాలుగేళ్ళు. సంక్రాంతికి ఫీనిక్స్‌లో తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. రెండుంబావు గంటల దారి. అక్కడ హాయిగా ఎండ కాస్తోంది. నాకేమో పట్టుచీర, కాళ్ళకు చెప్పులు. మూడింటికల్లా బయల్దేరదామని మీ మామయ్య అంటే, "ఇన్నాళ్ళకి నలుగురు తెలుగువాళ్ళు కనబడ్డారు, ఇంకో గంట ఉందాం" అని మొండికేసింది నేను. దారిలో పెట్రోలు కొట్టిస్తానంటే, "పిల్లాడు నిద్రపోతున్నాడు, ఊళ్ళో చూసుకుందాంలే" అన్నదీ నేనే.

క్యాంప్ వెర్డీ దాటి కొండెక్కుతుంటే వాన కాస్తా మంచైంది. మండ్స్ పార్క్ దగ్గర ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట, బండ్లన్నీ ఆగిపోయాయి. మా పెట్రోలు ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చేసింది. పది నిమిషాలు ఇంజను వేసి హీటర్ పెట్టుకోవడం, పది నిమిషాలు ఆపెయ్యడం. అరిసె కావాలని గోల చేస్తున్న వాణ్ణి కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. పట్టుచీర చలికి ఆగుతుందా! కాసేపటికి నాకు తలనొప్పి, కడుపులో తిప్పడం. అరిసెలు అరగలేదనుకున్నాను. వాడు గోల మానేశాడు. హమ్మయ్య, నిద్రపోయాడనుకున్నాను.

అప్పుడెవరో అద్దం దబదబా బాదారు. గడ్డం మనిషి, ఆరడుగులుంటాడు, ఏదో అరుస్తున్నాడు. నేను భయపడి తలుపులు లాక్ చేశాను. అతను చెయ్యి విదిలించి కారు వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, చేతుల్తో మంచు తవ్వడం మొదలుపెట్టాడు. సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోయిందే తల్లీ. పొగ బయటికి పోయే దారి లేక కార్లోకే వస్తోంది. అందులో ప్రాణం తీసే గ్యాస్‌కి వాసనైనా ఉండదు. మామయ్య తలుపు తోసుకుని పిల్లాణ్ణి చలిగాలిలోకి ఎత్తుకుపోయాడు. వాడు కళ్ళు తెరవడానికి ఎంతసేపు పట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు. తెరిచి, "అమ్మా, అరిసె" అన్నాడు. ఆ గడ్డం మనిషి లారీ డ్రైవరట. తన దుప్పటి తెచ్చిచ్చాడు, అంతా డీజిలు వాసన. పేరైనా అడగలేదు నేను.

ఇది మీ నాన్నకు తెలియదు. చెప్పావో, ఊరుకోను.

ట్యాంకు సగానికి దిగగానే కొట్టించు. డిక్కీలో దుప్పటి, చిన్న పార, బూట్లు ఎప్పుడూ ఉండాలి. మంచులో ఆగిపోతే ముందు దిగి సైలెన్సర్ చూడు, ఆ తర్వాతే ఇంజను. ఎవరైనా అద్దం కొడితే రెండు వేళ్ళు దించి విను. తలుపు తియ్యమనడానికీ నోరు రావట్లేదు, వద్దనడానికీ రావట్లేదు. ఒంటరి ఆడపిల్లవి.

భయపెట్టానా? పిచ్చిపిల్లా, ఆ ఊరంటే నాకు ప్రాణం. కిటికీ తీస్తే శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు. అక్కడి ఆదివాసులు నవాహో, హోపీ వాళ్ళకు అవి పవిత్రమైన కొండలు, నేనూ పొద్దున్నే ఓ దణ్ణం పెట్టుకునేదాన్ని. నక్షత్రాల కోసం వీధి దీపాలు తగ్గించుకున్న ఊరది. 2001లో ప్రపంచంలోనే మొట్టమొదటి డార్క్ స్కై సిటీ అని గుర్తింపొచ్చింది. 1930లో ప్లూటోని కనిపెట్టిన లోవెల్ అబ్జర్వేటరీ ఊళ్ళోనే గుట్ట మీద ఉంది. మీ నాన్నా నేనూ చిన్నప్పుడు డాబా మీద పడుకుని లెక్కపెట్టిన చుక్కలన్నీ నాకు మళ్ళీ అక్కడే దొరికాయి. అది మాత్రం వాడికి చెప్పు.

మీ మామయ్య ఉన్ని కోటు ట్రంకుపెట్టెలోంచి తీశాను. కలరా ఉండల వాసన, రెండ్రోజులుగా ఎండలో ఆరేశాను. ఆదివారం నాన్న వస్తే ఇచ్చి పంపిస్తా. నీకు వదులు, ఫ్యాషనూ కాదు, తెలుసు. వేసుకోకపోతే మానె, కారు వెనక సీట్లో పడేసుకో.

మీ అత్తయ్య