రన్ గురించి బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

వేసవి సెలవుల్లో పోచంపల్లిలో చేనేత కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషు చెప్పబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు, ముప్పై నాలుగేళ్లు ఆ పనే చేసి రిటైరైన నాకు ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. మర్నాడు నువ్వు పంపిన మొదటి పాఠం చూశాక మళ్లీ నిద్ర పట్టలేదు, అయితే ఈసారి కారణం వేరు. రన్ అన్న ఒక్క క్రియకు యాభై అర్థాలు, వరుస నంబర్లు వేసి, రెండు పేజీల నిండా రాశావు. చూడటానికి ముచ్చటగానే ఉంది. దాన్ని మాత్రం పిల్లల చేతికి ఇవ్వకు.

సులువైనవి ముందు చెప్పేస్తాను. రన్, ర్యాన్, రన్ అన్న మూడు రూపాలూ మొదటి రోజే నోటికి రావాలి. పరుగెత్తడం అన్న అర్థం నువ్వు చెప్పనక్కరలేదు, క్రికెట్ చెప్పేసింది.

యాభై ఎక్కువా తక్కువా అన్నది నా బాధ కాదు. ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువు 1928లో పూర్తయినప్పుడు అందులో అన్నిటికన్నా పొడవైన పద్దు సెట్ అన్న మాటది. తరువాతి కాలంలో సంపాదకుడు పీటర్ గిల్లివర్ తొమ్మిది నెలలు కూర్చుని రన్ క్రియ ఒక్కదానికే 645 అర్థాలు తేల్చాడు. అది నిఘంటువు చేయవలసిన పని. అదే పనిని నేను తరగతి గదిలో చేయబోయాను.

1988లో నేను డ్రాయింగు షీటు మీద రన్‌కు ముప్పై రెండు అర్థాలు ఎర్ర సిరాతో రాసి, పదో తరగతి గోడకు తగిలించాను. పిల్లలు వాటిని ఎక్కాల్లాగా అప్పజెప్పేవారు. నంబరు చెబితే చాలు, అర్థం వచ్చేది. అర్థం చెబితే నంబరు వచ్చేది. తనిఖీకి వచ్చిన అధికారి నా భుజం తట్టి వెళ్లాడు, నేను చాలా రోజులు ఆ భుజాన్ని తడుముకుంటూ తిరిగాను. అందరికన్నా గడగడా చెప్పేవాడు పోచంపల్లి నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చే ఒక నేత కుటుంబపు కుర్రవాడు.

తొమ్మిదేళ్ల తరువాత వాడే హైదరాబాదులో ఒక చేనేత ప్రదర్శనలో స్టాలు తీసుకుని, నన్ను వచ్చి కూర్చోమన్నాడు. విదేశీయులు వస్తారు సార్, మీరు పక్కనుంటే ధైర్యం అన్నాడు. వెళ్లాను. పొద్దున పదకొండయినా బోణీ కాలేదు. అప్పుడొక పెద్దావిడ, మాటతీరును బట్టి బ్రిటిష్ ఆవిడ, వచ్చి ఎరుపు మీద తెల్లని పువ్వులు తేలిన చీరను ఎత్తింది. వాళ్లమ్మ ఆసు పోసి, వాళ్ల నాన్న నేసిన చీర అది. ఆవిడ కొంగును బొటనవేలితో రుద్ది, వేలు చూసుకుని, "డజ్ ద కలర్ రన్?" అని అడిగింది.

వాడి ముఖం వెలిగిపోయింది. బట్టల కొట్లో రన్నింగ్ కలర్ అంటే బాగా గిరాకీ ఉన్న రంగు అని నీకు తెలుసు కదా. "ఎస్ మేడమ్, వెరీ గుడ్ రన్నింగ్! హైదరాబాద్, బాంబే, ఎవ్రీవేర్ రన్నింగ్!" అన్నాడు. ఆవిడ ఆ తెల్ల పువ్వుల వైపు జాలిగా చూసి, చీరను మడత చెడకుండా పెట్టి, థాంక్యూ అని కదిలింది. రంగు దిగుతుందా అని ఆవిడ అడిగిందని నాకు తట్టేసరికి మూడు స్టాళ్లు దాటిపోయింది. నేను లేచి వెంట వెళ్లలేదు. మోకాళ్ల నొప్పి అని ఇంట్లో చెప్పాను కానీ, నాకు అప్పటికి మోకాళ్ల నొప్పులు లేవు.

రాత్రి మూటలు కడుతున్నప్పుడు వాడిని అడిగాను, రన్‌కు రంగుకు సంబంధించిన అర్థం ఏదైనా ఉందా అని. తలెత్తకుండానే చెప్పాడు: "పంతొమ్మిది సార్. రంగు దిగుట." మరి వాక్యం చెప్పరా అన్నాను. "వాక్యాలు మీరు రాయించలేదు కదా సార్," అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం ఉన్నా నేను తట్టుకునేవాడిని. లేదు.

కాబట్టి తల్లీ, నంబర్లు తీసెయ్యి. కొట్టు అన్న మన మాటనే చూడు: టైరులో గాలి కొడతాం, ఈల కొడతాం, గోడకు సున్నం కొడతాం, సొంత డబ్బా కొట్టుకుంటాం. ఏది ఎన్నో అర్థమో మనకెవరూ చెప్పలేదు. దేని పక్కన వచ్చిందో దానితో కలిపి చెవిన పడింది. రన్‌ను కూడా దాని జంటమాటతోనే నేర్పు. ఇంగ్లీషు పరుగెత్తే చోట తెలుగు చాలాసార్లు నడుస్తుందని చెబితే పిల్లలు పట్టేస్తారు: దుకాణం నడుపుతాం, బస్సు నడుస్తుంది. ఇంకొన్ని చోట్ల సినిమా వంద రోజులు ఆడుతుంది, కాలువ పారుతుంది, ముక్కు కారుతుంది; గట్టు వెంట రోడ్డు కదలకపోయినా పోతూనే ఉంటుంది. ఇంగ్లీషుకు వీటన్నిటికీ రన్ సరిపోతుంది. ఎన్నికల దగ్గర మాత్రం తమాషా ఉంది: అమెరికావాడు పరుగెత్తుతాడు, బ్రిటన్ వాడు మనలాగే నిలబడతాడు.

వెనక తగిలే చిన్న మాటల దగ్గర తొందరపడకు. రనౌట్ ప్రతి పిల్లవాడికీ తెలుసు, కానీ ఇంట్లో బియ్యం నిండుకున్నా రన్ అవుట్ అనే అంటారనీ, అప్పుడు ఆఫ్ కూడా చేర్చాలనీ తెలియదు. బజారులో మాస్టారు ఎదురుపడితే ర్యాన్ ఇంటు. పొరపాటున ర్యాన్ ఓవర్ అన్నారంటే మాస్టారి మీద నుంచి బండి పోయినట్టే. రోజుకు రెండు వాడుకలు చాలు, మూడోది అడిగినా చెప్పకు. నీకు ఓపిక తక్కువ, చిన్నప్పటి నుంచీ అంతే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి. రన్నింగ్ కలర్ అన్న పిల్లవాడిని తప్పు అని ఆపవద్దు, పక్కవాళ్లను నవ్వనివ్వవద్దు. వాళ్ల కొట్లో అది సరైన మాట. కొనేవాడు మారితే ఆ మాటే బేరం చెడగొడుతుందని మాత్రం చూపించు.

ఆ కుర్రవాడికి ఇప్పుడు యాభై దాటాయి, ఆ ఊళ్లోనే సొంత మగ్గాలున్నాయి. నిన్న నీ సంగతి చెబితే రెండు ఎర్ర గుడ్డముక్కలు పంపుతానన్నాడు, ఒకటి రంగు దిగేది, ఒకటి దిగనిది. తరగతి మొదలయ్యే తేదీ నాకు రాయి. తెల్ల బేసిను, బిందెడు నీళ్లు నువ్వు చూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న