రౌటర్‌లో వేసిన ఆ సిమ్ ఏ నంబరుది?

సందేహం: ఇంట్లో వైరు బ్రాడ్‌బ్యాండ్ తీసేసి 5జీ రౌటర్ పెట్టుకోవాలనుకుంటున్నాను. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 180 ఎంబీపీఎస్ చూపించింది. వర్క్ ఫ్రమ్ హోమ్‌కు సరిపోతుందా?

ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చినా వెంట ఉండేది డౌన్‌లోడ్ అంకె ఒక్కటే. ఆఫీసు పనికి దానితో పెద్ద అవసరం లేదు. మంచి నాణ్యత ఉన్న వీడియో మీటింగ్‌కు రానూ పోనూ చెరో 3, 4 ఎంబీపీఎస్ చాలు. కాల్స్ పాడయ్యేది అప్‌లోడ్ దగ్గర. టవర్ పెద్ద పవర్‌తో పంపుతుంది. మీ ఫోనుకో రౌటర్‌కో ఉండే పవర్ మామూలుగా 200 మిల్లీవాట్లు. అంటే టవర్ మాట మీకు బాగానే వినిపిస్తుంది, మీ మాటే దానికి సరిగ్గా చేరదు. పైగా 5జీలో ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సమయాన్ని వంతులుగా పంచుతారు. అందులో పెద్ద వాటా డౌన్‌లోడ్‌దే. అవతలివాళ్లు మీకు చక్కగా కనిపిస్తూనే ఉంటారు, మీ గొంతు మాత్రం వాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

అందుకని పరీక్ష ఇలా చేయండి. కమాండ్ విండోలో ఏదైనా నమ్మకమైన సర్వర్‌కు పింగ్ (చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం చూపే ఆదేశం) ఆగకుండా నడవనివ్వండి. అది నడుస్తుండగానే ఒక పెద్ద ఫైలును క్లౌడ్‌లోకి ఎక్కించండి. 40 మిల్లీసెకన్లు ఉన్న పింగ్ అప్‌లోడ్ మొదలవగానే 600కి ఎగబాకిందంటే పరికరంలో డేటా క్యూ కట్టి నిలిచిపోతోందని అర్థం. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతేనే సంభాషణ సాఫీగా సాగుతుంది. 600 దగ్గర ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూనే ఉంటారు. ఈ క్యూ పెరగకుండా చూసే ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్ ఉన్న రౌటర్ అయితే దాన్ని ఆన్ చేసి, మీకు వచ్చే అతి తక్కువ అప్‌లోడ్‌లో 80 శాతం దగ్గర పరిమితి పెట్టండి. 10 వస్తే 8 అన్నమాట. ఈ పరీక్ష పని వేళల్లో ఒకసారి, రాత్రి ఎనిమిది, పది గంటల మధ్య ఒకసారి చొప్పున నాలుగైదు రోజులు చేయాలి. ఆదివారం పొద్దున చేసి మురిసిపోతే సోమవారం మీటింగ్‌లో దొరికిపోతారు. కొత్తది ఒక నెల నడిచేదాకా పాత లైను ఉంచుకోండి.

సిగ్నల్ గీతలను నమ్మొద్దు. ఎన్ని గీతలు చూపించాలో ఒక్కో తయారీదారు ఒక్కోలా లెక్క కడతాడు. బ్రౌజర్‌లో తెరుచుకునే రౌటర్ సెట్టింగ్‌ల పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం), ఎస్‌ఐఎన్‌ఆర్ (గోల మధ్య సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందో) అనే రెండు అంకెలుంటాయి. మొదటిది మైనస్ 90 డీబీఎం చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 కంటే కిందికి దిగితే కష్టం. రెండోది 13 డీబీ పైన ఉండాలి, సున్నా కిందికి దిగితే ఆ చోటు వదిలేయడమే. రౌటర్‌ను ఒక్కో కిటికీ దగ్గర పెట్టి, రెండు నిమిషాలు ఆగి, ఈ అంకెలు రాసుకోండి. ఒకే గదిలో మీటరు దూరం జరిపినా తేడా కనిపిస్తుంది. వేడి లోపలికి రాకుండా లోహపు పూత పూసిన అద్దాలు సిగ్నల్‌ను బాగా తినేస్తాయి. అలాంటి ఇంట్లో రౌటర్‌ను లోపలే పెట్టి పొడుగాటి యాంటెనా వైరు లాగితే, యాంటెనా తెచ్చిన లాభాన్ని వైరే మింగేస్తుంది. బయట గోడకు బిగించే మోడల్ తీసుకుని ఈథర్నెట్ లాగండి. ఈథర్నెట్ అయితే వంద మీటర్ల వరకు దిగులు లేదు.

సందేహం: మొబైల్ నెట్‌కు మారాక ఆఫీస్ వీపీఎన్ కనెక్ట్ అవుతోంది. చిన్న పేజీలు తెరుచుకుంటున్నాయి కానీ పెద్ద ఫైళ్లు, రిమోట్ డెస్క్‌టాప్ బిగుసుకుపోతున్నాయి. సిగ్నల్ మాత్రం నిండుగా ఉంది.

ఇది సిగ్నల్ సమస్య కాదు, ఎంటీయూ సమస్య. అంటే ఒక్కో ప్యాకెట్ (డేటా ముక్క) ఎంత పెద్దదిగా ఉండొచ్చనే హద్దు. మొబైల్ నెట్‌వర్క్ మీ ప్యాకెట్‌ను తన సొంత కవరులో పెట్టి మోస్తుంది. వీపీఎన్ అప్పటికే ఒక కవరు తొడిగి ఉంటుంది. రెండూ కలిసి సైజు దాటితే ‘ఇది పెద్దదైంది’ అని తిరిగి చెప్పాల్సిన సందేశాన్ని దారిలో ఏదో ఫైర్‌వాల్ ఆపేస్తుంది. చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, పెద్దవి చప్పుడు లేకుండా మాయమవుతాయి. వీపీఎన్ ఆపేసి, ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 1472 బైట్ల పింగ్ పంపండి. జవాబు రాకపోతే పదేసి తగ్గిస్తూ పోండి. 1402 దగ్గర జవాబు వచ్చిందనుకుంటే, దానికి ప్యాకెట్ ముందుండే హెడర్ల 28 బైట్లు కలిపితే 1430. అందులోంచి వీపీఎన్ కోసం 80 తీసేసి, వీపీఎన్ ఎంటీయూగా 1350 పెట్టండి. తొందరగా తేలాలంటే నేరుగా 1280 పెట్టి చూడండి. అంతకంటే కిందికి పోవద్దు, ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రస్ విధానం) నడవదు. ల్యాప్‌టాప్ కంపెనీదైతే ఈ అంకెలే ఐటీ విభాగానికి రాయండి. ‘నెట్ స్లోగా ఉంది’ అని రాస్తే రీస్టార్ట్ చేయమంటారు.

సందేహం: డబ్బు ఎందుకు దండగని నా రెండో సిమ్‌నే రౌటర్‌లో వేశాను. బ్యాంకుకు ఇచ్చిన నంబరు అదే. ఇప్పుడు ఓటీపీలు ఎక్కడ చూసుకోవాలి?

రౌటర్ అడ్మిన్ పేజీలో ఎస్‌ఎంఎస్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, అందులో కనిపిస్తాయి. కానీ ముందు ఆ సిమ్ బయటకు తీయండి. మిగతాది తర్వాత చదవండి.

ఆ పేజీ మీకెలా తెరుచుకుంటుందో మీ వైఫైలో ఉన్న ఎవరికైనా అలాగే తెరుచుకుంటుంది. ఇంటికొచ్చిన చుట్టానికి వైఫై పాస్‌వర్డ్ చెబుతారు. అతను బ్రౌజర్‌లో 192.168.1.1 కొడతాడు. పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మిన్. లేదంటే రౌటర్ అడుగున స్టిక్కర్ మీద రాసే ఉంటుంది. లోపలికి వెళ్తే బ్యాంకు పంపిన ఆరంకెల కోడ్‌లు టైముతో సహా వరసగా ఉంటాయి. మనిషే రానక్కర్లేదు. మీ నెట్‌వర్క్‌లో ఉన్న చవక కెమెరా హ్యాక్ అయినా, ల్యాప్‌టాప్‌లోకి చెడ్డ ప్రోగ్రామ్ దూరినా అదే తలుపు దొరుకుతుంది. పాస్‌వర్డ్ అడగకుండానే మెసేజ్‌లు చదవనిచ్చే లోపాలు కొన్ని మోడళ్లలో బయటపడ్డాయి కూడా. ఫోన్‌లో అయితే స్క్రీన్ లాక్ ఉంటుంది, మెసేజ్ రాగానే మోగుతుంది. రౌటర్ మోగదు. ఎవరో మీ నంబరుతో చాట్ ఖాతాను మరో ఫోన్‌లో తెరిచి, వచ్చిన కోడ్‌ను రౌటర్‌లో చదివేసి, ఆ మెసేజ్ తీసేస్తే కోడ్ వచ్చిన ఆనవాలు కూడా రౌటర్‌లో మిగలదు.

అసలు నాకు కోపం తెప్పించేది ఈ పరికరాల రూపకల్పనే. ఇంటర్నెట్ పంచే డబ్బాకు ఇన్‌బాక్స్ ఎందుకు? డేటా బ్యాలెన్స్ మెసేజ్‌ల కోసమంటే సరే, ఆపరేటర్ పంపేవి మాత్రమే చూపించొచ్చు. కోడ్‌లున్న మెసేజ్‌లను దాచొచ్చు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ‘ఈ సిమ్ బ్యాంకు నంబరుదా?’ అని ఒక్క హెచ్చరిక పెట్టొచ్చు. అవేవీ చేయకుండా అందరికీ తెలిసిన పాస్‌వర్డ్ వెనక ఇన్‌బాక్స్ పెట్టి అమ్ముతున్నారు. ఆ పైన ఒకటి రెండేళ్లకే అప్‌డేట్లు ఆపేస్తారు. రౌటర్ ఇంటికి గుమ్మం లాంటిది. భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో పెట్టె మీద ముద్రించనివాటిని కొనకపోవడమే మేలు.

రౌటర్‌కు డేటా కోసమే విడిగా ఒక సిమ్ తీసుకోండి. ఆ నంబరును బ్యాంకుకు గానీ ఈమెయిల్ రికవరీకి గానీ ఎక్కడా ఇవ్వొద్దు. పాత సిమ్ ఫోన్‌లోకి వచ్చాక బ్యాంకు, ఈమెయిల్, చాట్ ఖాతాల్లో లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా చూసి, తెలియనివి తీసేయండి. రౌటర్ ఇన్‌బాక్స్ ఖాళీ చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, అది వైఫై పాస్‌వర్డ్‌కు వేరుగా ఉండాలి. బయటి ఇంటర్నెట్ నుంచి అడ్మిన్ పేజీ తెరవనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తోనో బటన్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ కూడా ఆపేయండి. దాని ఎనిమిదంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తారు కాబట్టి సుమారు 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది. చుట్టాలకు, టీవీకి, కెమెరాకు గెస్ట్ నెట్‌వర్క్ ఇచ్చి, అక్కడి నుంచి అడ్మిన్ పేజీ తెరుచుకోవడం లేదని మీరే ఒకసారి కొట్టి చూడండి.

సందేహం: మొబైల్ రౌటర్ పెట్టాక ఇంటి కెమెరా బయటి నుంచి కనిపించడం లేదు. పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా అంతే.

రౌటర్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు ఉన్న అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీకు సొంత పబ్లిక్ అడ్రస్ లేనట్టే. ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎంతోమందితో కలిసి పంచుకుంటున్నారు. బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను కెమెరాకు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు చేసినా లాభం లేదు. ఇంటి నుంచి బయటకు తెరిచే వీపీఎన్ టన్నెల్ పెట్టుకోండి. ఐపీవీ6లో మాత్రం మీ పరికరాలకు నేరుగా అడ్రస్‌లు రావచ్చు. అప్పుడు బయటివాళ్లూ వాటిని నేరుగా చేరగలరు కాబట్టి, రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో ఇవాళే చూడండి.

సందేహం: పాత ఫోన్‌నే హాట్‌స్పాట్‌గా రోజంతా ఛార్జింగ్‌లో ఉంచి వాడుతున్నాను. వెనక మూత కొద్దిగా లేచింది.

బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఛార్జర్ తీసి, ఫోన్ ఆపేయండి. మూతను నొక్కి సరిచేయాలని చూడొద్దు, పొడవొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. కాలే వస్తువులకు దూరంగా ఉంచి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. లిథియం బ్యాటరీని నూరు శాతం దగ్గర, వేడిలో నెలల తరబడి ఉంచితే జరిగేది ఇదే. ఫోన్‌నే వాడక తప్పకపోతే ఛార్జ్ 80 శాతం దగ్గర ఆగే సెట్టింగ్ ఉన్నది తీసుకోండి. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ టెథరింగ్‌తో కలపండి, ఫోన్‌లో వైఫై ఆపేయొచ్చు, వేడి తగ్గుతుంది. ఇక ఆ హాట్‌స్పాట్ ఫోన్‌లో ఉన్న సిమ్ బ్యాంకు నంబరుదే అయితే, దానికి స్క్రీన్ లాక్ పెట్టి, లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా చేయండి. టేబుల్ మీద రోజంతా పడి ఉండే ఫోన్ కదా.