ఆడపిల్లలని కూడా గైస్ అంటారేంటి?

సెలవుకి విశాఖ వచ్చినప్పుడల్లా, అమెరికా ప్రయాణం పెట్టుకున్న పిల్లలు ఎవరో ఒకరు లాసన్స్ బే కాలనీలో మా ఇంటికి వస్తుంటారు. వీసా, కుక్కర్, ఆవకాయ ప్యాకింగ్ సందేహాలు అయ్యాక ఈసారి ఎదురింటి అమ్మాయి అడిగింది: "అంకుల్, ఓరియంటేషన్ వీడియో కాల్‌లో మేడమ్ మా అందర్నీ గైస్ అనే పిలిచారు. సగంమందిమి ఆడపిల్లలమే. అదేం పిలుపండీ?"

తప్పు పట్టుకోకమ్మా అన్నాను. ఇంగ్లీషులో ఒకప్పుడు నువ్వుకి 'దౌ', మీరుకి 'యూ' ఉండేవి. దౌ వాడుక పోయింది, యూ ఒక్కటే మిగిలింది. ఒక్కరున్నా యూ, పదిమందున్నా యూ. ఆ లోటుని అమెరికా దక్షిణాదివాళ్లు 'యాల్' అని, మిగతా చోట్ల చాలామంది 'యూ గైస్' అని పూడ్చుకున్నారు. అంటే అది మన బహువచనం 'మీరు', అంతే. గౌరవం 'మీరు' మాత్రం కాదు. పరిచయం లేని పెద్దాయన్ని చూపించి 'దట్ గై' అన్నావనుకో, మనవైపు 'ఆ గుంటడు' అన్నట్టే ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది. ఎదురుగా ఉన్నవాళ్లని పిలిస్తే అందరూ గైసే. వాళ్ల గురించి వేరేవాళ్లతో చెబితే మాత్రం మగవాళ్లే. నేను అమెరికా వెళ్లిన కొత్తలో ముగ్గురు ఆడవాళ్లు రిసెప్షన్‌లో కూర్చుంటే, 'త్రీ గైస్ వచ్చారు' అని మేనేజర్‌కి చెప్పాను. పాపం, ఆయన మగాళ్ల కోసం లిఫ్టు దాకా వెళ్లి వెతికాడు. ఈమధ్య ఆఫీసుల్లో ఈ పిలుపు నచ్చనివాళ్లూ ఉన్నారు. మెయిల్‌లో 'హాయ్ ఆల్' అని రాస్తే ఏ గొడవా లేదు. 'వైజ్ గై' అన్నారని మురిసిపోకు, అతితెలివి అని దెప్పడం అది. 'ఫాల్ గై' అంటే ఇంకొకరి తప్పుకి బలయ్యేవాడు.

ఈ మాట పుట్టుక మన దీపావళి కథలా ఉంటుంది. 1605 నవంబర్ 5న లండన్ పార్లమెంటు భవనం కింద 36 పీపాల మందుగుండుతో గై ఫాక్స్ అనేవాడు దొరికిపోయాడు. ఆ జ్ఞాపకంగా ఇంగ్లండులో ఏటా ఆ రోజున, మనం నరకాసురుణ్ణి తగలేసినట్టు, గడ్డిబొమ్మ చేసి తగలబెడతారు. ఆ బొమ్మ పేరు గై. దాన్ని వీధిలో పెట్టి పిల్లలు 'గైకి ఒక పెన్నీ' అని కేకలేస్తూ చిల్లర అడుక్కునేవారు. ఆ కేకనే ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ 1925 నాటి 'ద హాలో మెన్' కవితకి ముందు పెట్టాడు. పాత బట్టలు తొడిగిన ఆ బొమ్మని చూసి, విచిత్రంగా తయారైనవాణ్ణి గై అన్నారు. అమెరికా చేరేసరికి ఆ వెక్కిరింత అరిగిపోయి, మామూలు మనిషి అయ్యాడు.

ఇదంతా వింటున్న మా నాన్న లోపల్నుంచి అందుకున్నారు. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. "గై అంటే డెరిక్‌ని, అదే ఓడ సరుకులెత్తే క్రేన్‌ని, పక్కల నుంచి లాగి పట్టే తాడురా. మధ్యలో ఈ గడ్డిబొమ్మేటి?"

అదీ నిజమే. స్పెల్లింగ్ ఒకటే గానీ ఆ తాడుకీ ఈ మనిషికీ చుట్టరికం లేదు. ఆ అమ్మాయి తాడునీ నోట్సులో రాసుకుంది.