రిటర్ను అరగంట, వెతుకులాట ఆదివారమంతా

ప్రశ్న: నేను జడ్పీ హైస్కూల్లో టీచర్‌ని. ఫిబ్రవరి జీతం బిల్లుతోనే ఐటీ కాగితాలన్నీ ఇచ్చేస్తాం, అయినా జులై వచ్చేసరికి మళ్లీ రిటర్ను అంటారు. మా మరిది సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు, పది నిమిషాల పని వదినా అంటాడు. పోయినేడాది నేనే కూర్చుంటే ఆదివారం పొద్దున మొదలుపెట్టింది రాత్రి అన్నాలయ్యేదాకా తెమల్లేదు. అసలు ఎంత టైం పట్టాలండీ? బయట ఐదొందలిచ్చి చేయించుకోవడమే మేలా?
– ఒక టీచర్, తణుకు

జవాబు: మీ మరిది చెప్పిందీ నిజమే టీచర్ గారూ, మీకు పట్టిందీ నిజమే. ఒకటే జీతం, ఒకటే బ్యాంకు ఖాతా ఉన్నోళ్లు ఐటీ శాఖ పోర్టల్లో ముందే నింపి ఉన్న అంకెలు సరిచూసుకుంటూ పోతే ఐటీఆర్-1, అంటే మామూలు జీతగాళ్లు వేసే రిటర్ను ఫారం, అరగంటలోపే అయిపోతుంది. మీ ఆదివారం ఎక్కడ పోయిందో గుర్తు చేసుకోండి, పాస్‌వర్డ్ మర్చిపోయి కాసేపు, ఆధార్‌కి పాత ఫోన్ నంబరు ఉండి ఓటీపీ రాక ఇంకాసేపు, ఫారం-16 (జీతమెంత, అందులో పట్టిన పన్నెంత అని ఆఫీసు ఇచ్చే కాగితం) ఏ మెయిల్లో ఉందో వెతుక్కుంటూ మిగతాది అయ్యుంటుంది.

ఫిబ్రవరిలో మీరిచ్చింది మీ జీతం బిల్లు పెట్టే అధికారి, అదే డీడీఓ గారు, జీతంలోంచి ముందే పన్ను (టీడీఎస్) పట్టుకోడానికి లెక్క, అంతే. రిటర్నులో జీతంతో పాటు బ్యాంకు వడ్డీ కూడా చూపించాలి, టైం తినేది అదే. నా సంగతే చెప్తా, ఒకసారి పోర్టల్లో ఏఐఎస్ (మన పాన్ మీద ఐటీ శాఖకు చేరిన ఆదాయాల చిట్టా) తెరిస్తే పదకొండు వేల చిల్లర వడ్డీ కనపడింది, ఎక్కడిదో అర్థంకాక మూడు పాస్‌బుక్కులూ ముందేసుకుని కూర్చున్నా, తీరా చూస్తే ఎప్పుడో వేసి మర్చిపోయిన ఎఫ్‌డీ, గడువు తీరలేదు, చేతికి రూపాయి రాలేదు, అయినా ఏటా జమయ్యే వడ్డీని బ్యాంకు మన పాన్ మీద చూపించేస్తుంది.

తొందరపడి ఏప్రిల్లో కూర్చోకండి. జనవరి-మార్చి టీడీఎస్ లెక్కలు ఐటీ శాఖకు పంపడానికి ఆఫీసులకీ బ్యాంకులకీ మే 31 దాకా టైం ఉంటుంది, ఫారం-16 ఇవ్వడానికేమో జూన్ 15. అవన్నీ ఎక్కాక జూన్ నెలాఖరున ఒక సాయంత్రం ఏఐఎస్, ఫారం-16, పాస్‌బుక్కులు ఒక కవర్లో పెట్టుకోండి. మినహాయింపులు చూపించుకునే పాత పన్ను పద్ధతిలో ఉంటే ఎల్‌ఐసీ పాలసీ నంబరు, హోమ్ లోన్ అకౌంట్ నంబరు కూడా, 2025 నుంచి ఫారంలో అవీ అడుగుతున్నారు. రిటర్ను ఇంకో రోజు వేయండి.

ఐదొందలంటారా, ఇచ్చినా ఆయన అడిగేది ఈ కాగితాలే, వెతికేది మీరే. స్థలం అమ్మిన ఏడాది మాత్రం ఆడిటర్ దగ్గరికే వెళ్లండి, దానికి ఐటీఆర్-1 పనికిరాదు.

రిటర్ను గడువు దాటితే ఆదాయం 5 లక్షల్లోపు వాళ్లకి వెయ్యి, ఆపైన 5,000 ఫీజు. ఇంకోటి, సబ్మిట్ కొట్టేసి లేచి వెళ్లిపోకండి, 30 రోజుల్లో ఓటీపీతో ఈ-వెరిఫై చేయకపోతే, అంటే వేసింది మీరేనని ఆన్‌లైన్లో ధ్రువీకరించకపోతే, అసలు వేయనట్టే లెక్క, మీ ఆదివారం గంగపాలు.