షాపువాళ్లే క్వారంటైన్ చేశామంటే, కొత్త చేపను నేరుగా మెరైన్ (ఉప్పునీటి) ట్యాంకులో వేసుకోవచ్చా?

ఫ్లేమ్ ఏంజెల్ అనే ఉప్పునీటి చేపను కొనబోతున్నానని, షాపాయన "మేమే పది రోజులు క్వారంటైన్‌లో ఉంచాం, నేరుగా వేసుకోండి" అంటున్నాడని, నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొద్దు. ఆయన అబద్ధం చెప్తున్నాడని కాదు. షాపుల్లో వరసగా పేర్చిన ట్యాంకులన్నిటికీ మామూలుగా కింద ఒకే సంప్, అంటే నీళ్లు వడగట్టి తిప్పే తొట్టి, ఉంటుంది. నిన్న వచ్చిన చేపా, మీ పది రోజుల చేపా తాగేది ఒకే నీళ్లు. పైగా చాలాచోట్ల ఉప్పు సాంద్రత తగ్గించి పెడతారు, నీళ్లలో కాపర్ అనే రాగి మందు కూడా కొంచెం నడుపుతుంటారు. దాంతో పరాన్నజీవి చావదు, అణిగి ఉంటుంది. మీ ఇంట్లో 1.025 సాంద్రత ఉన్న మామూలు ఉప్పునీళ్లలో పడ్డాక లేస్తుంది.

నేనుండేది అనంతపురం. ఉప్పునీటి చేప కావాలంటే మాకు బెంగళూరే దిక్కు. ఓసారి నేనూ, కడపలో ఉండే మా బావా కలిసి వెళ్లి ఒకే ట్యాంకులోంచి చెరో పౌడర్ బ్లూ టాంగ్ తెచ్చుకున్నాం. నీలి ఒళ్లు, నల్లటి మొహం, వీపు మీద పసుప్పచ్చ రెక్క. ఇక్ అనే తెల్లచుక్కల జబ్బు తెచ్చుకోవడంలో దీన్ని మించింది లేదని అందరికీ తెలుసు, అయినా అందరి కన్నూ దాని మీదే.

నాది మెట్ల కింద ఉన్న బోసి క్వారంటైన్ ట్యాంకులోకి పోయింది. ఇసుక లేదు, రాయి లేదు. స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, అంతే. పక్కింటాయన తొంగిచూసి "ఏమప్పా, చేపకు గూడా కరోనానా?" అన్నాడు. బావ చేప మాత్రం రాజాలాగా హాల్లోని రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలూ రాళ్లూ ఉన్న మెయిన్ ట్యాంకులో, దిగింది. "అంత డబ్బు పోసి తెచ్చి మెట్ల కింద దాచుకుంటావేంరా" అని నన్ను ఎగతాళి కూడా చేశాడు.

వారం తిరక్కముందే రెండిటికీ చుక్కలొచ్చాయి. రాత్రి లైటార్పి పక్కనుంచి టార్చి వేస్తే, నా చేప ఛాతీ రెక్క అంచున తెల్లటి గింజలు విడివిడిగా కనపడ్డాయి. పైపు మూతికి ఒళ్లు రాసుకుంటోంది, మొప్పలు గబగబా ఆడుతున్నాయి. అప్పుడే బావ ఫోన్ చేసి, మేతను వెల్లుల్లి రసంలో నానబెట్టి పెడుతున్నానన్నాడు. కొద్దిరోజులాగి మళ్లీ ఫోను. "చూసినావా, ఒక్క చుక్క లేదు. వెల్లుల్లి అంటే ఏమనుకున్నావ్!"

నా చేప ఒంటి మీదా అప్పటికి చుక్కల్లేవు. దానికి నేను వెల్లుల్లి వాసన కూడా చూపించలేదు, కాపర్ ఇంకా పూర్తి మోతాదుకు రానే లేదు.

క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే ఈ పరాన్నజీవి చేప చర్మం కింద 3 నుంచి 7 రోజులు తిని, దానంతటదే రాలిపోతుంది. ఇసుకకో రాయికో అంటుకుని గట్టి తిత్తి కట్టుకుంటుంది. లోపలే చీలి చీలి, వందల సంఖ్యలో బయటికొచ్చి మళ్లీ చేప కోసం వెతుకుతుంది. కొన్ని తిత్తులు 3 రోజులకే పగులుతాయి, 72 రోజులదాకా ఆగినవీ ఉన్నాయి. బావ సంబరపడిన రోజున అవన్నీ ఆయన ఇసుకలో ఉన్నాయన్నమాట.

రెండో విడత మొప్పల్లోకి దిగింది. కంగారులో బావ కాపర్ సీసా తెచ్చి రీఫ్ ట్యాంకులోనే పోశాడు. వెన్నెముక లేని జీవులకు కాపర్ విషం. రొయ్యలు, నత్తలు ముందు పోయాయి. రాళ్లూ ఇసుకా కాపర్‌ను పీల్చేసుకుంటుంటే మోతాదు నిలవలేదు, చేపలూ దక్కలేదు. మధ్యలో గోల్డ్‌ఫిష్ అమ్మే ఆయన్నెవరినో సలహా అడిగితే రాళ్లుప్పు వేయమన్నాడట. సముద్రపు నీళ్లలో! మంచినీటి చేపల ఇక్ వేరు, ఇది వేరు. పేరు ఒకటైనంత మాత్రాన మందు ఒకటవుతుందా?

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మా పెద్దనాయన బడి మొహం చూడలేదు గానీ, సంతలో కొన్న గొర్రెను ఏనాడూ నేరుగా మందలో కలపలేదు. వేరే దొడ్డిలో కట్టి, ముక్కు కారుతోందా, పారుకుంటోందా అని చూసుకుని గానీ తోలేవాడు కాదు. ఎవరన్నా నవ్వితే "నవ్వేటోడు నా మందకు కాపలా వస్తాడా?" అనేవాడు. బావా ఆ దొడ్డి చూసి పెరిగినవాడే. సీమలో పుట్టినవాడికి ఒకరు చెప్పాల్సిన సంగతా ఇది?

ఇంకో చాదస్తం, చేప అలవాటు పడాలని సంచి నీళ్లలోకి ట్యాంకు నీళ్లను చుక్కచుక్కగా వదులుతూ గంటల తరబడి డ్రిప్ పెట్టడం. అంత దూరం సంచిలో వచ్చిన చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీళ్ల పీహెచ్ పడిపోయి, అందులోని అమ్మోనియా పెద్దగా హాని చేయకుండా ఉంటుంది. మూతి విప్పగానే పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అందుకే షాపు నీళ్ల సాంద్రత ముందే కనుక్కుని, క్వారంటైన్ ట్యాంకును దానికి సరిపెట్టి ఉంచుకోండి. ఉష్ణోగ్రత కలవగానే చేపను తీసి వేసేయండి. సంచి నీళ్లు పారబోయండి.

అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా పట్టేలా ఫిల్టర్ స్పాంజ్‌ను ముందే కొన్ని వారాలు మెయిన్ ట్యాంకు సంప్‌లో నానబెట్టుకోండి, లేకపోతే జబ్బు కంటే ముందు అమ్మోనియాయే చంపుతుంది. అమ్మోనియాను కట్టేసే కండిషనర్లను కాపర్‌తో కలపొద్దు. మా బోరు నీళ్లు బకెట్టుకే తెల్లపొర కడతాయి, వాటిలో సాల్ట్ కలిపే ఆలోచనే పెట్టుకోకండి, ఆర్‌ఓడీఐ, అంటే ఖనిజాలన్నీ తీసేసిన శుద్ధమైన నీళ్లు, తప్పదు. ఎండాకాలం ఆవిరైన కొద్దీ ఉప్పు సాంద్రత పెరుగుతుంది, రోజూ ఉప్పు కలపని ఆర్‌ఓడీఐ నీళ్లతో నింపాలి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఉంచుకోండి, ఏప్రిల్‌లో నాకు మెయిన్ ట్యాంకు కంటే ఈ క్వారంటైన్ ట్యాంకు గురించే టెన్షన్.

నత్తలూ కోరల్ ముక్కలూ కూడా నేరుగా వేయొద్దు. వాటికి ఇక్ రాదు గానీ తిత్తులు అంటుకుని వస్తాయి. చేపలు లేని ట్యాంకులో 76 రోజులుంచడం ఈ హాబీలో పాత లెక్క, నేను అదే పాటిస్తాను.

మీ ఫ్లేమ్ ఏంజెల్ సంగతికొస్తే, అది మేత తింటోందని చూశాకే కాపర్ మొదలుపెట్టండి. కాపర్ పవర్ లాంటి మందైతే 2.25 నుంచి 2.5 పీపీఎం మధ్య 30 రోజులు నిలవాలి. ఈ జాతికి కాపర్ అంతగా పడదు కాబట్టి ఒకేసారి పోయకుండా కొద్దిరోజుల్లో మెల్లగా పెంచండి. నీళ్లలో కాపర్ ఎంతుందో కొలిచే టెస్ట్ కిట్ కొనకుండా మందు సీసా మాత్రం కొనొద్దు. షాపాయన సీసా చేతిలో పెడతాడు గానీ కిట్ మాట ఎత్తడు, మీరే అడగాలి.